పాతర నుంచి పాలిథీన్ సంచి దాకా

తాజాదనాన్ని నిలిపి ఉంచుతామని చెప్పుకునే సంచులు మా పంజగుట్ట, అమీర్‌పేట దుకాణాల్లో ఇప్పుడు రకరకాలుగా దొరుకుతున్నాయి. జిప్పు నోటివి కొన్ని, గాలిని లాగేసే చేతి పంపుతో వచ్చేవి కొన్ని, ఏదో ఖనిజపు పొడి కలిపామని రాసిన ఆకుపచ్చవి కొన్ని, కూరల కోసమని వలలా అల్లిన నూలువి మరికొన్ని. అట్టపెట్టె మీద బొమ్మ మాత్రం దాదాపు అన్నిటికీ ఒకటే. నిగనిగలాడే టమాటా, దాని మీద ఒక నీటి చుక్క. (వంటింటి అనుభవం ఉన్నవారెవరైనా ఆ నీటి చుక్కను చూసి భయపడాలి గాని ముచ్చటపడకూడదు. ఎందుకో ముందు ముందు మనవి చేస్తాను.)

ఈ సంచులు నిజంగా పనిచేస్తాయా అంటే, కొన్ని కొన్నిటికి పనిచేస్తాయి. ఏవి వేటికి అన్నదే చిక్కు. ఆ చిక్కు విప్పడానికి రసాయనశాస్త్రం కన్నా ముందు మన తాతముత్తాతల ధాన్యపు నిలవల వైపు చూడడం మేలని నాకు తోచింది. ఎందుకంటే ఈ అట్టపెట్టెల మీద రాసిన మాటల్లో నిజమైనవి మనవాళ్లకు చాలాకాలంగా తెలిసినవే. నిజం కానిది ఒక్కటే, అన్నిటికీ ఒకే సంచి చాలుననడం.

తెలుగులో ధాన్యం దాచే చోటికి ఎన్ని పేర్లున్నాయో ఒకసారి తలచుకోండి. గాదె, గరిసె, గుమ్మి, పురి, కొట్టు, పాతర. ఇవన్నీ ఒకే వస్తువుకు పర్యాయపదాలు కావు. పురి అంటే గడ్డితో పేనిన మోకును చుట్టలు చుట్టలుగా పైకి లేపుతూ మధ్యలో వడ్లు పోసేది. గుమ్మి తడకలల్లి మట్టితో, పేడతో మెత్తినది. ఈ రెండిటిలోనూ గింజకు ఎంతో కొంత గాలి ఆడుతుంది. పాతర అలా కాదు. అది నేలలో తవ్విన గొయ్యి, గాలిని బయటనే నిలిపివేసేది. వడ్లకు పురి, జొన్నకు పాతర అన్నట్టుగా నేలను బట్టి, పంటను బట్టి పద్ధతి మారేది. నీళ్లు ఊరే డెల్టా భూమిలో పాతర తవ్వితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. తెలంగాణ, రాయలసీమల మెరక నేలల్లో అది చక్కగా నిలిచేది.

పాతర కట్టుబడి చూడండి. నీరు నిలవని ఎత్తైన చోటు ఎంచుకుంటారు. నోరు ఇరుకుగా, పొట్ట వెడల్పుగా, కుండ ఆకారంలో తవ్వుతారు. లోపల మంట వేసి గోడలను కాల్చి గట్టిపరుస్తారు. అడుగున, చుట్టూ ఎండిన చొప్పగాని గడ్డిగాని పరచి, బాగా ఆరిన జొన్నలు నింపి, పైన మళ్లీ గడ్డి కప్పి, బండ మూసి, మట్టితో మెత్తి వదిలేస్తారు. ఇక అక్కడ జరిగేదంతా కంటికి కనిపించని పని. గింజ చచ్చిన పదార్థం కాదు, నిద్రపోతున్న ప్రాణం, మెల్లగా ఊపిరి తీస్తూనే ఉంటుంది. గింజలతో పాటు లోపలికి పోయిన పురుగులూ ఊపిరి తీస్తాయి. ఆ మూసిన గోతిలో ఉన్న ప్రాణవాయువు రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. పురుగు తన ఊపిరితో తానే తన చావు తెచ్చుకుంటుంది.

ఇందులో మనుషుల ప్రాణాలకూ ముప్పు ఉంది. మూత తీసిన వెంటనే పాతరలోకి దిగినవాడు ఊపిరాడక పడిపోతాడు. అందుకే తెరిచి కొంతసేపు ఆగడం, దీపం దించి అది ఆరిపోతుందేమో చూడడం వంటి జాగ్రత్తలు వచ్చాయి. ఇది మనకొక్కరికే తెలిసిన సంగతి కాదు. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత వర్రో వ్యవసాయం మీద రాసిన గ్రంథంలో, కపడోసియా, థ్రేస్ ప్రాంతాల్లో ధాన్యాన్ని నేలగోతుల్లో దాస్తారనీ, గాలి చొరకపోతే పురుగు పట్టదనీ, గోధుమ యాభై ఏళ్లు నిలుస్తుందనీ చెప్పాడు. తెరిచిన వెంటనే దిగవద్దని, అలా దిగి ఊపిరాడక చచ్చినవారున్నారని కూడా హెచ్చరించాడు. యాభై ఏళ్ల మాట నేను నమ్మను గాని, హెచ్చరిక మాత్రం పక్కా అనుభవజ్ఞుడిది.

పాతరకు లోపాలు లేవా అంటే ఉన్నాయి. గోడల పక్కనా, పైపొరలోనూ ఉన్న గింజ చెమ్మ తగిలి బూజు పట్టేది. మధ్యది బాగున్నా ఒక తరహా ముక్క వాసన వచ్చేది. విత్తనానికి పనికివచ్చే జీవం తగ్గేది. అందుకని విత్తనాలను పాతరలో వేసేవారు కారు. మా నాయనమ్మ విత్తనపు జొన్న కంకులను పొయ్యి పైన దూలానికి వేలాడదీసేది, పొగకు పురుగు రాదని. పెసలను బూడిదలో కలిపి కుండకు ఎత్తేది. కందిపప్పుకు ఆముదం పట్టించేది. మిరపకాయలు, చింతపండు వేరే కుండల్లో. ఆకుకూర ఏనాడూ దాచేది కాదు, దొడ్లో కోసిన పూటే వండేది. అంటే ఆమె ఇంట్లో ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క శాస్త్రం ఉండేది. దాన్ని శాస్త్రమని ఆమె ఎన్నడూ అనలేదు, అది వేరే విషయం.

ఇంటి నిలవ ఇలా ఉండగా రాజుల నిలవ మరోలా ఉండేది. కడప జిల్లా గండికోటలో నేటికీ నిలిచి ఉన్న ధాన్యాగారం చూసినవారికి ఆ పరిమాణం అర్థమవుతుంది. మన ఊళ్లోనే గోలకొండ కోటలో అంబర్‌ఖానా ఉంది. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, 1642లో, ఖైరాత్ ఖాన్ అనే ఉద్యోగి దాన్ని కట్టించినట్టు అక్కడ దొరికిన శాసనం చెబుతోంది. (అన్నట్టు, ఈ ఖైరాత్ ఖాన్‌కూ మన ఖైరతాబాద్‌కూ చుట్టరికం కలపకండి. ఖైరతాబాద్ పేరు కుతుబ్‌షాహీ రాజకుమార్తె ఖైరతున్నీసా బేగం మీదుగా వచ్చినదంటారు.) 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు కోటను చుట్టుముట్టినప్పుడు ఆకలితో అలమటించింది ముఖ్యంగా బయటి శిబిరమే. కోట పడింది లోపలివారి ద్రోహం వల్లనే గాని కొట్లు ఖాళీ అయి కాదు.

ఆ బయటి శిబిరాలకు తిండి చేరవేసినవారు బంజారాలు. వేలాది ఎడ్ల మీద ఇరువైపులా గోనెలు వేసుకుని దక్కన్ అంతటా ధాన్యం మోసినవారు వారే. పంజగుట్ట దాటి పైకెక్కితే వచ్చే బంజారాహిల్స్ పేరు వారి నుంచే వచ్చిందని చెబుతారు. ఆ గుట్టల మీద నేడు ఉన్న భవంతులను చూస్తే నమ్మడం కష్టమే. ఇంగ్లీషువాళ్లు గన్నీ అనే మాట కూడా మన దేశపు గోనె నుంచి పట్టుకుపోయినదే.

ఈ గోనె దగ్గరే మన కథ మలుపు తిరుగుతుంది. గోనె మోయడానికి పుట్టింది, దాచడానికి కాదు. ఎద్దు మీద ఒదగాలి, హమాలీ కొక్కేనికి చిక్కాలి, చిరిగినా కుట్టుకోగలగాలి. 1855లో కలకత్తా దగ్గరి రిష్రాలో తొలి జనపనార మిల్లు వచ్చాక గోనె సంచి ప్రపంచమంతటా ధాన్యానికి తొడుగైంది. తిండి గింజలను జనపనార సంచుల్లోనే నింపాలని మన దేశంలో 1987లో చట్టమే చేశారు. నారరైతుకు అది మేలే, కాదనను. ఎర్రమంజిల్‌లోని పౌరసరఫరాల భవనం నుంచి నడిచే వ్యవహారమంతా, అంటే 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం నాటి నుంచి నేటి దాకా చౌకదుకాణాలకు పోయే బియ్యమంతా, చాలాకాలం ఈ గోనె సంచి వీపునెక్కే ప్రయాణించింది. కానీ గోనెకు అల్లిక నిండా కన్నాలే. గాలి వస్తుంది, చెమ్మ వస్తుంది, పురుగు వస్తుంది. పైగా ఒక సంచిలో పుట్టిన పురుగు పక్క సంచిలోకి నడిచిపోతుంది.

పురుగు బయటి నుంచే వస్తుందనుకోవడం కూడా సగం నిజమే. బియ్యానికి పట్టే ముక్కు పురుగు సంగతి చూడండి. ఆడపురుగు తన పొడవాటి ముక్కుతో గింజకు చిల్లు పెట్టి, అందులో ఒక గుడ్డు పెట్టి, జిగురుతో ఆ చిల్లును పూడుస్తుంది. పిల్లపురుగు గింజ లోపలే పెరిగి, లోపలే రూపు మార్చుకుని, రెక్కలొచ్చాక బయటపడుతుంది. ఇదంతా మన ఎండల్లో సుమారు ఒక నెల పని. కాబట్టి దుకాణం నుంచి తెచ్చిన బియ్యం చూడడానికి మల్లెపూవులా ఉన్నా, లోపల గుడ్లు ఉండనే ఉండవచ్చు. ‘సంచి బిగించి కట్టాను, అయినా పురుగు ఎలా వచ్చింది’ అని మన ఇళ్లలో వినిపించే ఆశ్చర్యానికి జవాబు ఇదే. అది రాలేదు, ఉన్నదే. పెసలు, అలసందలు, కందులకు పట్టే పుచ్చు పురుగు పొలంలోనే కాయ మీద గుడ్డు పెట్టి గింజతో పాటు ఇంటికి వస్తుంది. ముడి గింజ మీద తెల్లటి చుక్కల్లా కనిపించేవి ఆ గుడ్లే. పొట్టు తీసి పప్పుగా విరిచాక దాని దాడి బాగా తగ్గుతుంది. కందులను తొందరగా పప్పు చేయించుకునే ఆచారం వెనుక ఈ సంగతి ఉన్నదనే నా నమ్మకం.

స్వాతంత్య్రం వచ్చాక, ముఖ్యంగా అరవయ్యో దశకపు తిండి కొరత రోజుల్లో, ప్రభుత్వం ధాన్యపు నిలవ మీద దృష్టి పెట్టింది. ఉత్తరప్రదేశ్‌లోని హాపూర్‌లో 1958లోనే పరిశోధన, శిక్షణ కేంద్రం వెలిసింది. అక్కడి నుంచి వచ్చిన వస్తువుల్లో రేకు డబ్బాల సంగతి అందరికీ తెలుసు. హాపూర్ టెక్కా అనే దాని సంగతి తెలిసినవారు తక్కువ. అది రబ్బరు పూత పూసిన గుడ్డతో చేసిన పెద్ద గుండ్రటి సంచి. చుట్టూ వెదురు గడలు ఆసరా, అడుగున రేకు తొట్టి, గింజలు తీసుకోవడానికి కింద ఒక కంత. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనా సంస్థ వారు పూసా గాదె అని మరొకటి చేశారు. పచ్చి ఇటుకల గోడలు రెండు, వాటి మధ్య పాలిథీన్ పొర. పైకి చూస్తే మట్టి గాదె, లోపల సంచి! పల్లెటూరి మేస్త్రి కట్టగలిగినది, చెమ్మనూ గాలినీ ఆపగలిగినది. ఇంతకన్నా తెలివైన ఇంటి నిలవ సాధనం ఈ దేశంలో తయారైందని నేననుకోను. అది ఎందుకు విరివిగా వ్యాపించలేదన్నది ఎవరైనా శ్రద్ధగా పరిశీలించవలసిన విషయం.

అదే కాలంలో మరొక దారి కూడా తొక్కారు. దాన్ని చెప్పకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. ధాన్యాన్ని కాపాడే ప్రచారంలో భాగంగా ఇథిలీన్ డైబ్రోమైడ్ అనే మందును చిన్న గాజు బుడ్లలో, ఇంటి గాదెలకు సైతం, క్వింటాలుకు 3 మి.లీ. చొప్పున వాడమన్నారు. బుడ్డి పగులగొట్టి గింజల్లో పెట్టి మూసేస్తే ఆవిరి పురుగును చంపుతుంది. ఆ మందు క్యాన్సరు కారకమని తేలి 1984లో అమెరికా ధాన్యం మీద దాని వాడకాన్ని ఆపింది. మన దేశంలో అది పూర్తిగా నిషిద్ధమైంది 2001లో. నడుమ పదిహేడేళ్లు. ఆ పదిహేడేళ్లలో ఎన్ని ఇళ్లలో ఎందరు దాన్ని పీల్చారో ఎవరు లెక్కకట్టగలరు? గోదాముల్లో నేటికీ వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఇంకా ప్రమాదకరమైనవి, మనుషులు నిద్రించే ఇంట్లో వాటికి చోటు లేదు. ఇక మన పట్నపు ఇళ్లలో బియ్యానికి బోరిక్ పౌడరు కలిపే అలవాటు ఉన్నది కదా, అదీ ఆహారంలో అనుమతించిన పదార్థం కాదు. కడిగితే పోతుందంటారు. కొంత పోతుంది. పసిపిల్లలున్న ఇంట్లో ‘కొంత’ అన్న మాట నాకు సరిపోదు.

సంచి మంచిదా కాదా అన్న ప్రశ్నకు నేనింత విలువ ఇవ్వడానికి కారణం ఇదే. మంచి సంచి లేని చోట విషం ఆ పని చేస్తుంది.

ఇప్పుడు పాతర మళ్లీ ఎలా తిరిగి వచ్చిందో చెబుతాను. 1987లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు ఆఫ్రికాలోని కామెరూన్‌లో అలసందల నిలవ మీద పని మొదలుపెట్టారు. అక్కడి పేద రైతులకు పుచ్చు పురుగే పెద్ద శత్రువు. వారు చివరకు తేల్చినది మూడు పొరల సంచి. లోపల మందపాటి పాలిథీన్ తొడుగులు రెండు, పైన మామూలు ఎరువుల సంచిలాంటి నేత సంచి. ఒక్కొక్క తొడుగునూ విడివిడిగా మెలితిప్పి కట్టాలి. మందు లేదు, పంపు లేదు. పురుగులే లోపలి ప్రాణవాయువును ఖర్చుచేసుకుని తినడం మానేస్తాయి. ఇందులో మరొక చిత్రం ఉన్నది. పురుగు చచ్చేది ఊపిరాడక మాత్రమే కాదట, దప్పికతో! ఎండు గింజలో నీరుండదు కనుక పురుగు తనకు కావలసిన నీటిని తిన్న తిండి నుంచే తయారుచేసుకుంటుంది. ఆ తయారీకి ప్రాణవాయువు కావాలి. అది లేకపోతే నీరూ లేదు. 2012 ప్రాంతంలో పర్డ్యూ వారు ఈ సంగతి వివరించారు.

ఈ సంచిని మన పక్కనే పరీక్షించారు. అమీర్‌పేట నుంచి ముంబయి దారి పట్టుకుని పోతే వచ్చే పటాన్‌చెరులో, 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థలో, కందుల మీదా వేరుశనగ కాయల మీదా ఈ మూడు పొరల సంచిని మామూలు సంచితో పోల్చి చూశారు. పురుగులను కావాలని వదిలి నెలల తరబడి ఉంచినా, మూడు పొరల సంచిలో నష్టం బాగా తక్కువగానే ఉంది, విత్తనపు మొలక శక్తి కూడా మామూలు సంచిలో కన్నా మెరుగ్గా నిలిచింది. పాతర చేయలేనిదాన్ని, అంటే విత్తనం కాపాడడాన్ని, ఈ సంచి చేసింది. కారణం సులువే. నేల చెమ్మ దీనికి తగలదు.

అయితే ఇది రైతుకు పనికివచ్చినట్టు మన ఫ్లాట్లకు పనికిరాదు. రైతు సంచి కట్టి నెలల తరువాత విప్పుతాడు. మనం రోజూ విప్పుతాం. విప్పిన ప్రతిసారీ కొత్త గాలి పోతుంది, పురుగుకు మళ్లీ ప్రాణం లేచివస్తుంది. కాబట్టి ఇంట్లో వాడదలచినవారు ఒక పెద్ద సంచి బదులు నెలకొకటి చొప్పున చిన్నవి కట్టుకుని, వాడుతున్నదాన్ని డబ్బాలో పోసుకుని, మిగిలినవి ముట్టకుండా ఉంచాలి. గాలి లాగేసే పంపు సంచులకూ ఇదే సూత్రం. వాటిలో పప్పు, రవ్వ, జీడిపప్పు చక్కగా నిలుస్తాయి, అందులో సందేహం లేదు. పదునైన గింజ ఒకటి గుచ్చుకుని సూదిబెజ్జం పడితే మాత్రం మర్నాటికి సంచి మళ్లీ ఉబ్బుతుంది, డబ్బు వృథా. మన ఆవకాయ జాడీ చేసేదీ ఇదే. ముక్క మునిగేలా పైన తేలే నూనె గాలిని అడ్డుకుంటుంది, ఉప్పూ పులుపూ మిగిలిన పని చేస్తాయి. వాసెన గుడ్డ దుమ్ముకే.

ఇక తేమ సంగతి. ఏ సంచి వాడూ గట్టిగా చెప్పనిది, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. గింజ ఆరకుండా బిగించి కడితే పురుగు చస్తుంది గాని బూజు బతుకుతుంది. వడ్లూ బియ్యమూ అయితే తేమ 14 శాతం లోపు, వేరుశనగ అయితే 8 శాతం లోపు ఉండాలంటారు. లేకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. 1960లో ఇంగ్లండులో వేలాది టర్కీ కోళ్లు బూజు పట్టిన వేరుశనగ పిండి తిని చచ్చాయి. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం అలా బయటపడింది. మన దేశంలో 1974 చివర గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో కామెర్లు వ్యాపించి నూరుమందికి పైగా చనిపోయారు. తార్నాకలోని మన జాతీయ పోషకాహార సంస్థ వారు వెళ్లి చూస్తే, అకాల వర్షాలకు తడిసి సరిగా ఆరని మొక్కజొన్న కారణమని తేలింది. వారు తిన్నది తమ ఇంట్లో తాము దాచుకున్న తిండే. ఈ విషం వండితే పోదు. సంచి ఎంత గొప్పదైనా ఎండ చేసే పనిని చేయలేదు. బియ్యాన్ని మాత్రం మండుటెండలో ఎక్కువసేపు పోయకండి, పగిలి నూకవుతుంది. నీడపట్టున ఆరబెడితే చాలు.

కూరగాయల దగ్గరకు వస్తే సూత్రం తలకిందులవుతుంది. గింజకు ఊపిరి ఆపాలి, కూరకు ఊపిరి ఆపకూడదు, నెమ్మదింపజేయాలి. కోసిన ఆకుకూర కూడా ప్రాణంతోనే ఉంటుంది, గింజ కన్నా ఎన్నోరెట్లు వేగంగా ఊపిరి తీస్తుంది, వేడినీ నీటి ఆవిరినీ వదులుతుంది. బిగించిన సంచిలో ఆ ఆవిరి చుక్కలుగా మారి ఆకు మీదనే పడుతుంది. మొదట్లో నేనన్న నీటి చుక్క అది. కుళ్లు అక్కడే మొదలు.

ఆకుపచ్చ సంచుల వాదన వేరు. పళ్లు మాగేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు విడుస్తాయి, ఆ వాయువే వాటిని ఇంకా మాగబెడుతుంది, మా సంచిలోని ఖనిజం దాన్ని పీల్చేసుకుంటుంది అంటారు. మొదటి రెండు మాటలూ నిజమే. 1901లో నెల్యుబోవ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు వీధి దీపాల వాయువులోని ఇథిలీన్ వల్లనే తన బఠాణీ మొలకలు వంకర తిరుగుతున్నాయని కనిపెట్టాడు. అతనికి ఎన్నో తరాల ముందే మనవాళ్లు మామిడికాయలను గడ్డిలో కప్పి మాగవేసేవారు, అంటే ఆ వాయువును బయటికి పోనీయకుండా పట్టి ఉంచేవారు. పళ్ల వ్యాపారులు దాన్ని తొలగించాలంటే పొటాషియం పర్మాంగనేట్ పట్టించిన గుళికల పొట్లాలు పెట్టెల్లో వేస్తారు. పలుచటి సంచి గోడలో కలిపిన చిటికెడు పొడి ఆ పాటి పని చేస్తుందా అన్నదే నా సందేహం. పైగా బెండకాయ, వంకాయ, కొత్తిమీర పాడయ్యేది ముఖ్యంగా నీరు పోయి వాడిపోవడం వల్ల. దానికి ఇథిలీన్‌తో పెద్ద పని లేదు.

పోయిన వేసవిలో ఎర్రగడ్డ రైతుబజారు నుంచి తెచ్చిన కొత్తిమీరను మూడు వాటాలు చేసి చూశాను. ఒకటి ఆకుపచ్చ సంచిలో, ఒకటి నాలుగు చిల్లులు పొడిచిన మామూలు కవరులో, ఒకటి పిండిన తడి నూలుగుడ్డలో చుట్టి మూత వదులుగా ఉన్న డబ్బాలో. మూడూ ఫ్రిజ్జులోనే. ఇది శాస్త్రీయ పరీక్ష కాదు, ఒక వంటింటి వేడుక, అంతే. వారం గడిచాక మొదటి రెండిటికీ నాకు తేడా కనిపించలేదు. గుడ్డలోది అన్నిటికన్నా నిటారుగా ఉంది. తమలపాకులమ్మే వారు తడి గుడ్డలోనూ అరటి దొప్పలోనూ ఆకును ఎందుకు చుడతారో అప్పుడు తెలిసివచ్చింది. ఆ దొప్ప చెమ్మను ఇస్తుంది, గాలిని అడ్డదు. అరటిపండ్లను మాత్రం ఏ సంచిలోనూ వేసి ఫ్రిజ్జులో పెట్టకండి, తోలు నల్లబడుతుంది. ఉల్లిగడ్డకు వల సంచే సరి, పొడి గాలి దానికి మందు.

జిప్పు సంచి పుట్టుక గురించి ఒక్క మాట. పాలిథీన్ 1933లో ఇంగ్లండులోని ఐసీఐ ప్రయోగశాలలో అనుకోకుండా దొరికిన మైనంలాంటి పదార్థం. దానికి జిప్పు నోరు పెట్టి జిప్‌లాక్ పేరుతో డౌ కంపెనీ 1968లో అమెరికా వంటిళ్లకు తెచ్చింది. గడ్డకట్టించే చలిపెట్టెలో వాసనలు అంటకుండా, తడి ఎగిరిపోకుండా ఉంచడానికి అది బహు చక్కనిది. అక్కడ తిండిని కాపాడేది చలి. సంచి దానికి తోడు. వండిన పప్పునూ కూరనూ ఆ సంచిలో వేసి బయటే ఉంచితే గిన్నెలో ఎన్ని గంటలు నిలుస్తుందో అన్నే గంటలు, అంతకు మించి ఒక్క ఘడియ కూడా లేదు. అమీర్‌పేట హాస్టళ్లలో చదువుకునే పిల్లలకు ఇది ఎవరైనా చెబితే బాగుండును. ఊరి నుంచి వచ్చిన పొడులు, పచ్చళ్లు వాటిలో నిక్షేపంగా ఉంటాయి, బిర్యానీ ఉండదు. పప్పుల విషయంలో మాత్రం ఈ జిప్పు సంచికి ఒక మంచి ఉపయోగం ఉన్నది. కొన్న పప్పును అందులో వేసి వారం రోజులు గడ్డకట్టే అరలో ఉంచితే లోపలి గుడ్లు కూడా చస్తాయి. తీసిన తరువాత బయటి వేడికి వచ్చేదాకా సంచి విప్పకూడదు, విప్పితే చెమ్మ చేరుతుంది.

ఈ మధ్య బియ్యం సంచి బరువు కూడా మారింది, గమనించారా? 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ముందే కట్టి అచ్చు వేసిన బియ్యానికి 5 శాతం పన్ను వేశారు. వెంటనే మన మార్కెట్‌లో 26 కిలోల సంచులు ప్రత్యక్షమయ్యాయి. మా ఇంట్లో ముగ్గురమే, అది రెండు నెలలు దాటి వస్తుంది. అంటే ముక్కు పురుగుకు రెండు తరాలు. అందుకని సంచి రాగానే ఆరబోసి, జల్లించి, మూడు భాగాలు చేసి, రెండిటిని మెలితిప్పి కట్టి పెడుతున్నాను. కందిపప్పుకు ఆముదమే. కిలోకు 5 మి.లీ. నూనె పట్టిస్తే పుచ్చు పురుగు గుడ్డు పొదగదని పరిశోధకులు రాశారు, అది సరిగ్గా మా నాయనమ్మ చేతి చెంచాడు.

పురికీ, గుమ్మికీ, పాతరకూ మీ మీ ప్రాంతాల్లో ఇంకేమైనా పేర్లున్నాయా? ముఖ్యంగా శ్రీకాకుళం వైపు, పాలమూరు వైపు, ఒరిస్సా సరిహద్దు తెలుగు ఊళ్లలో. పాతర తెరిచేటప్పుడు పెద్దలు పాటించిన జాగ్రత్తలు విన్నవారుంటే అవీ రాయండి. ఆ మాటలు చెప్పగలిగినవారు ఇంకా ఉన్నారు గాని, ఎక్కువమంది లేరు.